తాతల నాటి కారు: ఏ రూపంలో ఉంచాలి?

ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంగ్లాండుకు ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ పసుపు రంగు బండి. వెనుక సింహాసనం వంటి ఆసనం. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. బండి ఆ తర్వాత గాని రాలేదు. కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ హయాంలో అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. చాలాకాలం మూలబడి, మరమ్మతు పొంది, చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకుల కోసం నిలిచింది. అటువంటి దానిని తొలి రూపానికి తేవడంలో తగవు లేదు.

మన ధర్పల్లి వైపు అంబాసిడర్ సంగతి వేరు. 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయిన ఆ బండికి, పెట్రోలు భరించలేక ఎందరో డీజిల్ ఇంజను వేయించారు. మా బంధువుల ఇంట 1972 మోడల్ ఒకటున్నది. పెద్దవాడు పెట్రోలు ఇంజను తిరిగి బిగిస్తానంటాడు. నాన్న పసుపు డబ్బుతో వేయించినది తీయనివ్వనని చిన్నవాడు. ఇద్దరికీ మాటలు లేవు.

2021 జూలై నాటి కేంద్ర నిబంధన చూడండి: 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మార్చని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్. రుసుము రూ. 20,000, గడువు 10 ఏళ్లు. పైగా నిత్యం తిప్పరాదు. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతు వంటి వాటికే. (గుమాస్తా బుద్ధి, రూలు చదవకుండా ఉండలేను.) ఆ కాగితం కోసం పిల్లలు ఎక్కి తిరిగే బండిని షెడ్డుకు కట్టేయాలా?

నా మట్టుకు డీజిల్ ఇంజను ఉంచి, తుప్పు ఆపిస్తే చాలు. ఇంజను మార్చిన నాటి బిల్లు, ఆర్.సి. భద్రపరచాలి. పాత పెట్రోలు ఇంజను ఇంకా షెడ్డులోనే ఉంటే, ఇనుప సామాను వాడికి వేయవద్దు.