వేడెక్కిన పిదప ఆగు కారు

ఉదయమున చక్కగా బయలుదేరును; గంటసేపు నడచి నడిబాటలో ఆగిపోవును; చల్లారినచో ఏమియు ఎరుగనట్లు మరల కదలును. పాతకార్ల యీ పెంకితనమునకు మూలము వెదకవలెనన్న అమెరికాలోని డేటన్ నగరమునకు పోవలెను. అచ్చట 1909లో డెల్కో సంస్థను స్థాపించినవారిలో నొకడైన చార్లెస్ కెటరింగ్ బ్యాటరీ, కాయిల్, కండెన్సరులతో నిప్పురవ్వ పుట్టించు పద్ధతిని రూపొందించెను. అర్ధశతాబ్దికి పైగా కార్లలోకమంతయు దానినే అనుసరించినది. 1950ల చివర ఉత్తరపాడాలో పుట్టి 2014 వరకు తయారైన మన అంబాసిడర్ కూడ చిరకాలము దానినే నమ్ముకొనెను.

కాయిల్ లోపలి సన్నని తీగ ఎచ్చటనో తెగియుండును. చల్లగా నున్నంతసేపు కొనలు తాకియుండును, వేడికి విడిపోవును. పెట్రోలు పంపులోనే ఆవిరియై ధారకు అడ్డుపడుటయు కలదు. డ్రైవర్లు పంపునకు తడిగుడ్డ చుట్టుట ఇందుకే. చదువుకొన్నవారు నవ్వుదురు గాని, అది శాస్త్రసమ్మతమే. అయినను, గుడ్డ చుట్టగనే కారు కదలెనని పెట్రోలునే నిందింపరాదు. ఆలోగా కాయిలును చల్లారియుండును గదా! ఈ భ్రమలో కార్బురేటరును, పంపును వరుసగా మార్పించి డబ్బు పోగొట్టుకొన్న యజమానులెందరో.

కనుక పరీక్ష కారు ఆగిన క్షణముననే జరుగవలెను. వేరొక ప్లగ్గును తీగకు తగిలించి, పెట్రోలు చెమ్మకు దూరముగా ఇంజను లోహమునకు ఆనించి, స్టార్టరు త్రిప్పించి చూడవలెను. నీలిరవ్వ బలముగా దూకినచో దోషము పెట్రోలు దారిలో నుండును. దూకనిచో ముందుగా కాయిలును, కండెన్సరును అనుమానింపవలెను.