స్కాన్‌లో ఏమీ లేదన్నారు... మరి జబ్బు?

ఈమధ్య షూటింగ్ కోసం అరకు వెళ్ళాను. అక్కడి సంతలో ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి అడిగారు. "బాబూ, మా తమ్ముడి కొడుకు తనలో తనే మాట్లాడుకుంటాడు. ఎవరో తిడుతున్నారంటాడు. ముందు దిసారికి చూపించాం. తర్వాత అప్పు చేసి విశాఖ తీసుకెళ్ళాం. తలకి స్కాన్ తీశారు, అంతా బాగుందన్నారు. అంటే వాడు నటిస్తున్నాడా?" స్కాన్ బాగుంది కదా అని మందులు కూడా ఆపేశారట.

ఆ ప్రశ్న వెనక పెద్ద చరిత్రే ఉంది. ఇవాళ అదే చెప్పుకుందాం.

మన బరువులో మెదడు 2 శాతమే. కానీ ఒంట్లోకి వచ్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. దాన్ని మోసుకెళ్ళేది రక్తం. 1880 ప్రాంతంలో ఇటలీలో ఏంజెలో మోసో అనే శాస్త్రవేత్త, పుర్రెకి దెబ్బ తగిలి ఎముక పోయిన ఒక రైతుని పరిశీలించాడు. చర్చి గంట మోగగానే అతని మెదడులో నాడి కొట్టుకోవడం పెరిగింది. ఆలోచనకీ రక్తానికీ సంబంధం ఉందని అలా కళ్ళకి కనిపించింది.

తర్వాత అమెరికాలో సేమూర్ కెటీ, కార్ల్ ష్మిట్ ఆ రక్తాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. మనిషి చేత కాసేపు నైట్రస్ ఆక్సైడ్ పీల్పించి, ఒక ధమని నుంచి, మెడ దగ్గర సిర నుంచి రక్తం తీసి లెక్క కట్టేవారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 100 గ్రాముల మెదడుకి నిమిషానికి సుమారు 54 మిల్లీలీటర్లు. 1948లో కెటీ బృందం స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళని కూడా అలాగే కొలిచింది. ఏమొచ్చిందో తెలుసా? పెద్ద తేడా ఏమీ లేదు!

మరి వాళ్ళందరూ నటించారా? లేదు కదా. ఆ కొలత మెదడు మొత్తానికి సగటు. చెరువులో నీళ్ళెన్నో తెలిసింది, ఏ మడికి ఎన్ని పారాయో తెలియలేదు.

1974లో స్వీడన్‌లో ఇంగ్వార్, ఫ్రాంజెన్ ఆ మడులు చూశారు. జినాన్-133 అనే రేడియోధార్మిక వాయువుతో కొలిస్తే, చాలాకాలంగా స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో నుదుటి వెనక భాగానికి రక్తం తక్కువగా వెళ్తోంది. ఆ తర్వాత పెట్, స్పెక్ట్ స్కాన్లు వచ్చాయి. డిప్రెషన్‌లో కూడా చాలా పరిశోధనల్లో అలాంటి తేడాలే కనిపించాయి. 1990లో సెయిజీ ఒగావా చూపించిన దారిలో ఎఫ్ఎంఆర్ఐ వచ్చింది. సూది గుచ్చకుండానే రక్తంలో ఆక్సిజన్ మార్పుల్ని చూడొచ్చు.

అయితే ఇక్కడే జాగ్రత్తగా వినండి. ఈ తేడాలు గుంపుల మధ్య సగటు తేడాలు. అన్ని పరిశోధనల్లో ఒకేలా రాలేదు కూడా. మందులు, వయసు, స్కాన్ తీసేటప్పుడు మనిషి ఏం ఆలోచిస్తున్నాడు, ఇవన్నీ ఆ బొమ్మని మార్చేస్తాయి. అందుకే ఇవాళ్టికీ ఒక్క మనిషి స్కాన్ చూసి "ఇది స్కిజోఫ్రీనియా" అని గానీ, "ఇది డిప్రెషన్ కాదు" అని గానీ తేల్చలేరు. డాక్టరు మాట్లాడి, లక్షణాలు చూసి, ఇంట్లోవాళ్ళని అడిగి తేలుస్తారు.

మరి స్కాన్ ఎందుకు తీస్తారు? గడ్డ, రక్తస్రావం, దెబ్బ లాంటివి లేవని చూసుకోవడానికి. మామూలు సీటీ స్కాన్ మెదడు ఆకారం చూపిస్తుంది. రక్తం ఎక్కడికి ఎంత పారుతోందో చూపించదు. "అంతా బాగుంది" అంటే గడ్డ లేదని అర్థం, బాధ లేదని కాదు.

పెద్దాయనకి నేను ఇదే చెప్పాను. మందులు రాసిన డాక్టరు దగ్గరకే మళ్ళీ తీసుకెళ్ళమన్నాను. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉందని చెప్పాను. అంత దూరం దిగలేని రోజున ఫోన్‌లో 14416, టెలి మానస్, ఖర్చు లేకుండా మాట్లాడొచ్చు.

ఆయన కాసేపు ఊరుకుని, "అయితే వాడిని తిట్టడం మా తప్పేనన్నమాట" అన్నారు. మీ ఇంట్లోనో, మీ ఫ్రెండ్స్‌లోనో ఎవరినైనా ఇలా "నాటకాలు" అంటుంటే, ఈ 1948 సంగతి ఒకసారి చెప్పండి. మళ్ళీ కలుద్దాం.