నాదమునకు ఆహారము



శిల్పి ఉలి పట్టుటకు ముందు రాతిని తట్టి వినును. గంటవలె మ్రోగినచో మంచి రాయి. బొంగురుగా పలికినచో లోన పగులు కలదు. ఆళ్లగడ్డ పెద్దలకు ఈ పరీక్ష క్రొత్త కాదు. పాటలు వినిపించు యంత్రములకును ఇట్టి పరీక్ష యొకటి కలదు. అందుకు కావలసినది నిలుకడగల విద్యుత్తు. దాని కథ నేడు మనవి చేసెదను.

1938 జూన్ 16వ తేదీన చెన్నపట్టణమున ఆలిండియా రేడియో కేంద్రము ప్రారంభమైనది. నేడు నంద్యాల జిల్లాలోనున్న నంద్యాల, ఆళ్లగడ్డలు అప్పుడు చెన్నరాజధానిలోని కర్నూలు జిల్లాకు చేరియుండెను. కరెంటు లేని చోట వాల్వుల రేడియో పలుకుటకు సాధారణముగా రెండు బ్యాటరీలు కావలసియుండెను. వాల్వులోని తీగను కాచుటకు 2 వోల్టుల ఆమ్లపు బ్యాటరీ యొకటి; ధ్వనిని బలపఱచుటకు 90 లేక 120 వోల్టుల పొడి బ్యాటరీ మఱియొకటి. మొదటిదానిని మాటిమాటికి చార్జి చేయింపవలెను. రెండవది అయిపోయినచో పారవేయవలసినదే. బ్యాటరీ నీరసించినచో పాట సన్నగిల్లి, తుదకు మూగవోవును. వినువారు రేడియో చెడినదందురు. దోషము ఆహారమునది, నింద దేహమునకు!

కరెంటు వచ్చిన యూళ్లలో బ్యాటరీ బెడద తగ్గెను గాని, క్రొత్త చిక్కు పుట్టెను. ఇంటి కరెంటు సెకనుకు 50 మారులు ముందువెనుకల కూగును. రేడియోకు ఒకే దిక్కున పాఱు ప్రవాహము కావలెను. 1904లో ఫ్లెమింగు పండితుడు కనిపెట్టిన వాల్వు ఇందుకు దారి చూపెను. 1947 డిసెంబరులో అమెరికాలో ట్రాన్సిస్టరు పుట్టుటతో వందల వోల్టుల అవసరము తీఱి, 9 లేక 12 వోల్టులే చాలునను కాలము వచ్చెను. అప్పటినుండి పరీక్షకు తగిన సరఫరాపెట్టెను ఇంటనే కూర్చుకొనుట సులభమైనది.

దాని మర్మము కె.సి. కాలువ నీటితో సేద్యము చేయువారికి వెంటనే తెలియగలదు. 230 వోల్టుల కరెంటును ట్రాన్స్‌ఫార్మరు 18 వోల్టులకు దించును. నాలుగు డయోడులు దానిని ఒకే దిక్కునకు మలచును. అయినను ప్రవాహము సెకనుకు 100 మారులు పొంగి తగ్గుచుండును. స్పీకరులో వినవచ్చు రొద అదియే. కెపాసిటరు చెరువువలె పొంగును నిలువచేసి, కొఱతవేళ విడుచును. 1970 దశకమున బజారునకు వచ్చిన ఎల్.ఎం. 317 అను మూడుకాళ్ల చిన్న బిళ్ల తూమువలె నిలిచి, కోరినన్ని వోల్టులే దిగువకు వదలును.

మ్రోగని యాంప్లిఫయరును దీనికి తగిలించి, తక్కువ వోల్టులతో మొదలిడి, మీటరు చూచుచు మెల్లగా పెంచవలెను. చక్కగా పలికినచో దోషము పాత సరఫరాది. మితిమీఱి కరెంటు త్రాగినచో దోషము యంత్రముననే కలదు.

ఒక హెచ్చరిక. 230 వోల్టుల భాగము ప్రాణాంతకము. దానిని మూతపెట్టెలో నుంచి, ఫ్యూజు, ఎర్తుతీగ తప్పక అమర్చవలెను. మీ యూరి కుఱ్ఱవాడు పాత సామానుతో ఇట్టి పెట్టెను కట్టుచున్నచో కోపింపకుడు. ఆ భాగమును మాత్రము పని తెలిసినవారిచే చూపింపుడు. పరీక్షింపక పారవేయరాదను నియమము అతనికి పట్టుబడినచో, అది పదిమంది యిండ్లలోని వస్తువులను నిలుపును.