అడుగులతో చదునైన రన్‌వే

రోడ్ల శాఖలో పనిచేసిన నాకు, రోలరు రాక పనులు ఆగిన రోజులు ఇంకా గుర్తే. అందుకే నేపాల్‌లోని లుక్లా విమానాశ్రయం చరిత్ర చదివి ఆశ్చర్యపోయాను.

1953లో టెన్సింగ్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ, షెర్పా పల్లెలకు ఆసుపత్రి కట్టించదలచారు. బస్సు దారి లేదు. సామాను మనుషుల వీపులమీదే రావాలి. 1964లో స్థానికుల వద్ద నేల కొని, వారితోనే విమానాలు దిగే చోటు చేయించారు. నేల గట్టిపడేందుకు షెర్పాలు పాదాలతో తొక్కుతూ నృత్యం చేశారట! 1966లో ఖుందే ఆసుపత్రి వెలసింది.

1975లో ఖాట్మండు వద్ద విమాన ప్రమాదంలో భార్యను, కూతురిని పోగొట్టుకున్నా ఆయన ఆ సేవ మానలేదు. రన్‌వే ఏటవాలు, పొడవు 527 మీటర్లే. తారు పడింది 2001లో.

మా రోలరు రాని రోజుల్లోనే ఈ కథ తెలిసివుంటే బాగుండేది!