లైర గాథాభూమి

లైర గాథాభూమి డెన్మార్క్ దేశపు జీలాండ్ ద్వీపంలో, రాస్కిల్డె పట్టణానికి సమీపాన ఉన్న ఆరుబయలు పురావస్తు ప్రయోగ కేంద్రము. అడవి, చెరువులు, పచ్చికబయళ్ళు కలిసిన 43 హెక్టారుల ప్రదేశంలో ఇది విస్తరించి ఉన్నది. రాతియుగపు విడిది, ఇనుపయుగపు పల్లె, వైకింగుల అంగడి, 19వ శతాబ్దపు పేద రైతుల కుటీరాలు ఇక్కడ ఒకే అడవిలో, ఒకదానికొకటి నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఉంటాయి. చారిత్రక వేషాలతో యుద్ధాలను ప్రదర్శించే ఉత్సవాలు ఐరోపాలో అనేకం కలవు. ఇక్కడ మాత్రం వేషం కన్నా పనికే ప్రాధాన్యం.

చరిత్ర

హాన్స్ ఊలె హాన్సెన్ అనే జానపద జీవన పరిశోధకుడు 1964లో దీనిని స్థాపించాడు. తొలిదశలో కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ ఆర్థిక సహాయం అందించింది. పూర్వం చారిత్రక, పురావస్తు ప్రయోగ కేంద్రమనే పేరుతో నడిచిన ఈ సంస్థ, 2009లో ‘గాథాభూమి’ అని అర్థం వచ్చే ప్రస్తుత పేరును స్వీకరించింది.

ఈ లోయకు హెర్తా లోయ అని పేరు. రోమను చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలో జర్మానిక్ తెగల గురించి వ్రాసిన గ్రంథంలో నెర్తుస్ అనే భూదేవతను పేర్కొన్నాడు. వ్రాతప్రతుల పాఠభేదం వల్ల ఆ పేరు ‘హెర్తా’గా ప్రచారంలోకి వచ్చి, తరువాతి కాలంలో ఈ లోయకు అంటుకొన్నది. సాక్ష్యాన్ని పరీక్షించడమే పనిగా పెట్టుకొన్న కేంద్రం, తప్పు పాఠం నుండి పుట్టిన పేరు గల చోట వెలయడం విశేషమే.

ఇంటిని తగులబెట్టిన ప్రయోగం

ఇక్కడి ప్రయోగాలలో ప్రసిద్ధమైనది 1967లో జరిగింది. తవ్వకాలలో దొరికిన ఆధారాలను అనుసరించి కట్టిన ఒక ఇనుపయుగపు ఇంటికి పరిశోధకులు తామే నిప్పు పెట్టి, ఉష్ణోగ్రతలను కొలిచారు. శిథిలాలను నేలలోనే ఉంచి, 25 ఏళ్ళ తరువాత 1992లో తవ్వి చూచారు.

దీని ఉద్దేశం గ్రహించదగినది. తడికపై మెత్తిన మట్టి మామూలుగా వానకు కరిగి నేలలో కలిసిపోతుంది. మంటలో కాలితే ఇటుకవలె గట్టిపడి నిలుస్తుంది. అందుచేత పురావస్తు శాస్త్రజ్ఞులకు కాలిపోయిన ఇండ్ల జాడలే తరచు మెరుగుగా దొరుకుతాయి. అయితే ఆ జాడలను బట్టి ఇంటి రూపాన్ని ఎంతవరకు నమ్మకంగా చెప్పవచ్చు? ఈ ఇంటి ప్రతి గుంజ స్థానమూ ముందే నమోదై ఉన్నందున, నేల ఏమి దాచుకొన్నదో, ఏమి పోగొట్టుకొన్నదో పోల్చి చూడడం సాధ్యమైనది. గుంజలు, తడిక, మట్టిపూత, రెల్లు కప్పు గల ఈ కట్టుబడి మన పల్లెల పూరిండ్లను ఎరిగినవారికి కొత్తగా తోచదు.

పల్లెలో నివాసం

1970వ దశకం నుండి వేసవిలో సాధారణ కుటుంబాలు పిల్లలతో సహా వచ్చి, ఒక వారంపాటు ఇనుపయుగపు పల్లెలో నివసించే ఏర్పాటు ఉన్నది. వీరు ఆ కాలపు తీరు దుస్తులు ధరించి, నిప్పుగుండంపై వండుకొని, పశువులను చూచుకొంటారు. ఇంటికి పొగగొట్టం ఉండదు. పొగ ఇల్లంతా తిరిగి కప్పులోని సందుల గుండా వెలుపలికి పోవలసిందే. సందర్శకుడికి ఇది వినోదమే కావచ్చు గాని, కట్టెలు కొట్టి, పిండి విసరి, పొగలో వంట చేసినవారికి పూర్వుల దినచర్యలో ఎంత భాగం తిండికే సరిపోయేదో తెలిసివస్తుంది.

రాజభవనం

పూర్వపు లైర గ్రామాన్ని గాథలు స్కోల్డుంగ్ రాజవంశపు నివాసంగా చెబుతాయి. ప్రాచీన ఆంగ్ల కావ్యం బేవుల్ఫ్‌లోని హెయొరొట్ సభాభవనం ఇక్కడిదేనని పలువురు పండితుల అభిప్రాయం. ఆ గ్రామంలో 1986-88 మధ్య టామ్ క్రిస్టెన్సెన్ నాయకత్వంలో జరిగిన తవ్వకాలలో ఒక పెద్ద భవనపు జాడలు బయటపడ్డాయి. 2009లో సుమారు 60 మీటర్ల పొడవు గల మరొక భవనం కనబడింది. క్రీ.శ. 700 ప్రాంతానికి చెందిన ఈ రెండవ భవనపు ప్రతిరూపాన్ని గాథాభూమిలో నిర్మించి 2020లో ప్రారంభించారు. స్తంభాల గుంటలు పొడవు వెడల్పులను నిర్దేశించాయి. పైకప్పు ఎత్తు, వాలు, చెక్కడాలు మాత్రం ఏ గుంటలోనూ దొరకవు. వాటిని వడ్రంగి అనుభవం, ఆ కాలపు ఇతర వస్తువులపై గల అలంకారాల ఆధారంగా ఊహించవలసి ఉంటుంది.