తెరపై విమానము – దాని అశ్వశక్తి

1940 వేసవిలో ఇంగ్లండు ఆకాశమున జరిగిన వైమానిక యుద్ధమును నేడు ఇంటిలో కూర్చుండి కంప్యూటరు తెరపై మరల సాగించువారు అనేకులు కలరు. దీనిని ఉత్త వినోదమని త్రోసివేయుట న్యాయము కాదని మేము తలంచుచున్నాము. ఆనాడు ఏ విమానము దేనిని తరుమగలిగెను, ఏది తప్పించుకొనగలిగెను అను ప్రశ్నకు ఇప్పుడు పలువురు ఆ తెరపైననే సమాధానము వెదకుచున్నారు. తెరమీది ఇంజనుకు లేని బలమును అంటగట్టినచో చరిత్రయే తారుమారగును.

స్పిట్‌ఫైర్ మొదటి రకమును తీసికొందము. దాని మెర్లిన్-3 ఇంజను బలము 1,030 అశ్వశక్తులని గ్రంథములు చెప్పును. అది 87 ఆక్టేను పెట్రోలుతో, 16,250 అడుగుల ఎత్తున వచ్చు సంఖ్య. 1940లో దళములు 100 ఆక్టేను పెట్రోలు వాడసాగెను. అందుచే సూపర్‌చార్జరు ఇంజనులోనికి గాలిని కూరు ఒత్తిడిని, వాతావరణ పీడనమునకు మించి చదరపు అంగుళమునకు 6¼ పౌనుల నుండి 12 పౌనులకు పెంచుటకు వీలయ్యెను. అంతట ఆ ఇంజనే 9,000 అడుగుల వద్ద 1,310 అశ్వశక్తులిచ్చెను. అయితే ఐదు నిమిషములకు మించి వాడరాదని నియమము.

ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనై ఆ 12 పౌనులు నిలువవు. పదునెనిమిదివేల అడుగులు దాటిన పిమ్మట క్రొత్త పెట్రోలు వలన కలుగు లాభము దాదాపు శూన్యము. అన్ని ఎత్తులలోను ఒకే అదనపు బలమునిచ్చు అనుకరణ, చూచుటకెంత సుందరముగా నున్నను, అబద్ధమే.

మన హైదరాబాదు పేరు ధరించిన 152వ దళము ఆ వేసవిలో వార్మ్‌వెల్ స్థావరము నుండి నడపినవి ఈ స్పిట్‌ఫైర్లే. దాని చిహ్నముపై నిజాము తలపాగా ఉండెడిది.

ఇక పరీక్ష. తెరపై ఇంజనును విప్పి తూచలేము గదా! వేగమును, ఎక్కుడును చూచి బలమును ఊహింపవలెను. వేగమొక్కటే చాలదు. వేగము నూటికి 1 వంతు పెరుగుటకు బలము సుమారు 3 వంతులు పెరుగవలెను. కావున ఇంజను బలములో నూరు అశ్వశక్తుల పొరపాటున్నను, వేగములో పది పన్నెండు మైళ్ళ తేడాగా మాత్రమే కానవచ్చును. ఎక్కుడు అట్లు కాదు. సమతలమున ఎగురుటకు పోగా మిగిలిన బలమే విమానమును పైకెత్తును గనుక పొరపాటు వెంటనే బయటపడును.

బ్రిటిషు పరీక్షలే ఇందుకు తార్కాణము. రెండురెక్కల కొయ్య ప్రొపెల్లరు గల తొలి స్పిట్‌ఫైర్ మార్టిల్‌షామ్ హీత్‌లో గంటకు 362 మైళ్ళు పోయెను. 20,000 అడుగులెక్కుటకు 9.4 నిమిషములు పట్టెను. 1940లో బాస్కోమ్ డౌన్‌లో పరీక్షించిన వేరొకటి 354 మైళ్ళే పోయెను, కాని 7.7 నిమిషములలోనే అంత ఎత్తెక్కెను. ఇంజను బలము పెరుగలేదు. బరువు, గాలి ఎదురు పెరిగి వేగము తగ్గెను. రెక్కల వాలును తనంత మార్చుకొను మూడురెక్కల ప్రొపెల్లరు ఎక్కుడును పెంచెను. ఏ విమానపు నివేదికతో పోల్చుచున్నామో తెలియనిచో పరీక్ష వ్యర్థము.

గాలి లేని దినమును, నాటి బరువును ఏర్పరచి, సముద్రమట్టము మొదలు రెండువేల అడుగులకొకసారి వేగము నిలకడపడువరకు ఎగిరి, గళ్ళ కాగితముపై గుర్తించిన చాలును. మెర్లిన్ గీత ఒక ఎత్తున కోణముగా విరుగవలెను. జర్మను మెస్సర్‌ష్మిట్‌లోని డైమ్లర్-బెంజ్ 601 సూపర్‌చార్జరు చమురు ద్వారా నడచుచు ఎత్తునుబట్టి వేగము మార్చుకొనును గనుక దాని గీత నునుపుగా వంగవలెను. రెండు గీతలును ఒకే పోలికనున్నచో, ఆ రెండింటిలో ఒకదానిని సరిగా చేయలేదన్నమాట.