గౌరిబిదనూరు నుండి చంద్రుని చాటు వరకు: ఉదయశంకర్ రేడియో ఖగోళ పరిశోధన

కోలారు అనగానే బంగారు గనులు జ్ఞప్తికి వచ్చును. ఆ గనుల లోతున 1965లో న్యూట్రినోల జాడ దొరికిన సంగతి కూడ కొందరు ఎరుగుదురు. అదే జిల్లాలో నేలమీద, మన హిందూపురానికి పొరుగున ఉన్న గౌరిబిదనూరు వద్ద జరిగిన పనికి మాత్రం అంత ప్రచారము రాలేదు. (2007లో ఈ తాలూకా చిక్కబళ్ళాపురం జిల్లాలో చేరినది.)

భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి 1970వ దశకంలో అక్కడ రేడియో దూరదర్శినిని నెలకొల్పినవి. ఇందులో అద్దము లేదు. 'టి' ఆకారంలో నిలిపిన వేయి డైపోల్ ఏంటెనాలే దాని కన్నులు. తూర్పు పడమరల పొడవు సుమారు 1.4 కిలోమీటర్లు. సిహెచ్.వి. శాస్త్రిగారు ఈ కృషికి ముఖ్యులు. ఈ దూరదర్శినితోనే రామన్ సంస్థకు చెందిన ఎన్. ఉదయశంకర్, కె.ఎస్. ద్వారకనాథ్ 34.5 మెగాహెర్ట్జ్ వద్ద ఆకాశపటాన్ని సిద్ధపరచి 1990లో ప్రకటించిరి. తరువాత ఉదయశంకర్, శాస్త్రిగారు తెలుగువారు స్థిరపడిన మారిషస్ ద్వీపంలో దక్షిణాకాశ పరిశీలనకై మరొక దూరదర్శిని నిర్మాణంలో పాల్గొనిరి.

తొలి నక్షత్రాలు వెలిగిన కాలపు హైడ్రోజన్ సంకేతము విశ్వ వ్యాకోచము వలన సాగి, నేడు కొన్ని మీటర్ల రేడియో తరంగముగా మనకు చేరవలెను. అది మిక్కిలి బలహీనము. 2018లో ఆస్ట్రేలియాలోని 'ఎడ్జెస్' పరికరంతో దానిని కనుగొంటిమని అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించగా, ఉదయశంకర్ సభ్యులుగా ఉన్న 'సారస్' బృందము దానిని సరిచూడ పూనుకొన్నది. నేలలో రాయి, మన్ను, తేమ ఒకచోట ఉన్నట్లు మరొకచోట ఉండవు. వాటి ప్రభావము కొలతలో చేరును. చెరువు నీరు అట్లు కాదు. అందుచేత 2020లో దండిగానహళ్ళి చెరువులోను, శరావతి వెనుక జలాలలోను తెప్పపై ఏంటెనాను తేల్చిరి. దండిగానహళ్ళి ఈ ప్రాంతపు చెరువే! ఎడ్జెస్ చెప్పిన సంకేతము అందు కానరాలేదు. 95.3 శాతము విశ్వాసముతో దానిని నిరాకరించిన ఫలితము 2022లో 'నేచర్ ఆస్ట్రానమీ'లో వెలువడినది. ఒక గొప్ప ప్రకటనను చెరువు నీటిపై పరీక్షించుట సామాన్య విషయము కాదు.

అయితే చెరువు నడుమ కూడ ఎఫ్.ఎం. ప్రసారాల బెడద తప్పదు. సంకేతము వెదకవలసిన పౌనఃపున్యాలలోనే మన పాటలు కూడ ప్రయాణించును. చంద్రుని ఆవలి వైపున భూమి రొద వినబడదు. అందుకే చంద్రుని చుట్టు తిరుగు ఉపగ్రహంలో అమర్చుటకు రామన్ సంస్థ 'ప్రత్యుష్' అను పరికరాన్ని ప్రతిపాదించినది. ప్రత్యూషమనగా వేకువ.